తామూ అవ్వ పెట్టెలో రెండో ముడి

"పెళ్లికూతురు వచ్చింది, దారివ్వండి," అన్నాడు మఫద్దల్ నా చేతుల వైపు చూస్తూ.

నా అరచేతుల్లో గోరింటాకు ఇంకా వెలిసిపోలేదు. పెళ్లయి రెండు వారాలైనా కాలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు యూనస్ నా సంచిలో ఉడకబెట్టిన గుడ్డూ, జీలకర్ర కలిపిన ఉప్పు పొట్లమూ పెట్టాడు. పొట్లం మీద 'బతూల్' అని నా పేరు రాశాడు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా. మా సఫీ ఊరి కుమ్మరిగుట్ట ఎక్కుతున్నంతసేపూ అది గుర్తొచ్చి నవ్వుకుంటూనే ఉన్నాను. మంత్రసాని తామూ అవ్వ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఈ మనిషిని చూశాక ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు.

మఫద్దల్ ఒకప్పుడు ఈ ఊరి పోలీసు కమిషనర్. రిటైరయ్యాక సొంతంగా విచారణలు చేస్తున్నాడు. నేను ఒక లాయరు దగ్గర సాక్షుల్ని వెతికిపెట్టే పని చేస్తాను, ఇప్పుడు అల్లాల్ తరఫున. ఇద్దరం ఎదురెదురుగా తగలడం ఇది మొదటిసారి కాదు.

"అవ్వ ఏది?"

"మెట్ల మీంచి పడింది. పడలేదు, తోసేశారు. తల వెనక దెబ్బ. ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంది. నీ అల్లాల్‌ని స్టేషన్లో కూర్చోబెట్టించాను. కేసు అయిపోయిందమ్మాయ్. ఇంటికి పోయి మీ ఆయనకు వంట చెయ్యి."

"మా ఆయనే నాకంటే బాగా వండుతాడు. కాళ్లు తీయండి, లోపల చూడాలి."

"చూడ్డానికేముంది? మధ్యాహ్నం నమాజయ్యాక అల్లాల్ ఈ గుట్ట ఎక్కడం వీధి వీధంతా చూసింది. ముసలిది తన గుట్టు విప్పుతుందని భయపడి తోసేశాడు."

"భయమా? ఆ గుట్టు విప్పమని ఆవిడ కాళ్లు పట్టుకుని బతిమాలింది అతనే."

"అది నువ్వంటున్న మాట. ముసలిది అన్నది కాదు."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ అనగలిగే స్థితిలో లేదని తెలిసీ అంటున్నాడు.

మా వైపు మొగుడు పోయిన మూడేళ్లకు ఆడది బిడ్డను కంటే ఎవరూ రాయి ఎత్తరు. బిడ్డ కడుపులో నిద్రపోయాడంటారు. దుఃఖానికి పడుకున్నాడు, ఇప్పుడు లేచాడు, పోయినవాడి బిడ్డే అంటారు. మంత్రసాని ఒట్టేస్తుంది, పెద్దలు తలలూపుతారు, బిడ్డకు పోయినవాడి పేరు వస్తుంది. నిద్రబిడ్డ. ఆ ఒక్క మాట ఎంతమంది ఆడవాళ్ల ప్రాణాలు కాపాడిందో. నిజమా అని ఎవరూ అడగరు. అడగడమే పాపం.

అల్లాల్ అలాంటి నిద్రబిడ్డ. కుమ్మరి మేస్త్రీ జిలాలీ పోయిన మూడేళ్లకు ఆయన రెండో భార్య రఖియా ఇదే ఇంట్లో, తామూ అవ్వ చేతుల మీదుగా అతన్ని కని, పుట్టిల్లు అజెమ్మూర్‌కు పట్టుకుపోయింది. అక్కడే పెరిగాడు. వయసొచ్చాక ఒక జాతరలో మహ్జూబా అనే అమ్మాయిని చూశాడు. మనసులు ఇచ్చిపుచ్చుకున్నాకే తండ్రుల పేర్లు అడిగారు. ఇద్దరి తండ్రీ ఒకడే. మహ్జూబా జిలాలీ మొదటి భార్య కూతురు.

ఇరవై ఏళ్లు గడిచాయి. అతనూ చేసుకోలేదు, ఆమే చేసుకోలేదు. ఏటా అదే జాతరలో కలిసి, అక్కా తమ్ముళ్లలాగా దూరంగా కూర్చుని, ఒకే పళ్లెంలో సెనగలు తిని ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయేవారు. పోయిన నెల రఖియా చనిపోతూ కొడుకు చెవిలో చెప్పింది: "నువ్వు జిలాలీ కొడుకువి కాదు. వెళ్లి ఆ పిల్లని చేసుకో." చెవిలో చెప్పిన మాటకు సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఆనాడు ఒట్టేసిన తామూ అవ్వ ఒక్కతే మిగిలింది. పెళ్లి ఒప్పందాలు రాసే అదుల్ ఇవాళ సాయంత్రం నమాజు లోపల వస్తే ఆయన ముందు నిజం చెబుతానని మాటిచ్చింది. చెప్పకపోతే అదుల్ రాయడు. ఇక ఎప్పటికీ రాయడు.

యూనస్ మొహం చూసి నిద్రలేచే ఈ కాసిని పొద్దులను ఎవరైనా నా దగ్గర్నుంచి లాక్కుంటే గొంతు పిసికేస్తాను. వాళ్ల దగ్గర లాక్కున్నది ఇరవై ఏళ్లు.

మఫద్దల్ కాళ్లు దాటుకుని లోపలికి వంగబోతుంటే వెనకనుంచి కేక వినిపించింది. "జాగ్రత్త పిల్లా, సున్నం!"

పక్కింటి ఇజ్జా పిన్ని. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అదుల్ గారు వస్తారని పొద్దున్నే ముసలిది తనే గుమ్మానికి సున్నం కొట్టుకుంది. వద్దంటే వినదు. నా తలకీ అంటింది."

ద్వారబంధం పైదూలం చాలా కిందికి ఉంది. నేను వంగాల్సి వచ్చింది. తల తిప్పి చూశాను. తడి సున్నం మీద ఒకచోట వెడల్పుగా గీరుకుపోయింది, లోపలివైపు నుంచి బయటికి.

"అవ్వని మొదట చూసింది నువ్వేనా పిన్నీ?"

"నేనే. రొట్టెలు కాల్పించుకుని వస్తూ ఒకటి ఇద్దామని వచ్చాను. మెట్ల కింద పడి ఉంది. అరిచాను, జనం వచ్చారు, ఆ వెనకే అల్లాల్ వచ్చాడు. గుమ్మంలో కూలబడి ఏడ్చాడు పాపం."

"ఆ గీరు అప్పటికే ఉందా?"

"ఉంది. ఎవడో తల పగలగొట్టుకున్నాడని తిట్టుకున్నాను కూడా."

మఫద్దల్ వైపు తిరిగాను. "అల్లాల్ నా భుజం దాకా వస్తాడు. ఈ గుమ్మంలో వంగకుండా నడుస్తాడు. గీరుకున్నవాడు పొడుగు మనిషి, పారిపోతూ తల ముందే ఎత్తేశాడు. ఇంతసేపూ దీని కిందే కూర్చున్నారు కదా, పైకి చూడాలని అనిపించలేదా?"

"సున్నం మరకతో మనిషిని ఉరి తీస్తావా?"

"మీరు మరక కూడా లేకుండానే స్టేషన్లో కూర్చోబెట్టించారు."

ఇజ్జా పిన్ని కిసుక్కున నవ్వింది. అతను కర్ర నేలకేసి కొట్టాడు.

లోపల మెట్ల పైన, అవ్వ పడుకునే గది ముందు ఒక దేవదారు పెట్టె మూత తెరుచుకుని పక్కకు పడి ఉంది. అవ్వ మంత్రసాని పెట్టె అది. అందులో పరిచిన గొర్రె ఉన్ని మీద ఒక చిన్న గుడ్డ మూట మాత్రం అతుక్కుని ఉంది. నేను దాన్ని ముట్టుకోకుండా ఇజ్జా పిన్నిని పిలిచాను.

"ఇదేమిటి పిన్నీ?"

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. "నిద్రముడి! మొగుడి తలపాగాలోంచి పీలిక చించి, పెళ్లాం బట్టలో చుట్టి ముడేస్తారు. బిడ్డ పడుకుంటాడు. విప్పితే లేస్తాడు. పుట్టాక మంత్రసాని దాన్ని మళ్లీ కట్టి తన దగ్గరే దాచుకోవాలి. పారేస్తే ఆ తల్లికి కీడు. ముట్టుకోకు, కొత్తగా పెళ్లయినదానివి!"

మూట మీద ఎర్ర పట్టుదారంతో ఎదురెదురుగా నిలబడ్డ రెండు పక్షులు. అజెమ్మూర్ కుట్టు. రఖియా పుట్టింటి పని. అంటే ఇది అల్లాల్ ముడి.

ఉన్నిని చూశాను. మూట కింద ఏళ్ల తరబడి నొక్కుకుపోయిన గుంట ఉంది. దాని పక్కనే ఇంకో గుంట. అంతే లోతు, అంతే పాతది. అందులో ఏమీ లేదు.

"మఫద్దల్ గారూ, పైకి రండి."

మెట్లెక్కి వచ్చాడు, రొప్పుతూ.

"అల్లాల్ తన గుట్టు దాచడానికి వచ్చాడన్నారు. దాచేవాడైతే దేన్ని ఎత్తుకుపోవాలి? దీన్ని. ఇది ఇక్కడే ఉంది. వచ్చినవాడు దీన్ని వదిలేసి, పక్కదాన్ని పట్టుకుపోయాడు. అవ్వ ఇంకో నిద్రబిడ్డను కూడా లేపింది. ఆ బిడ్డ గురించి భయపడ్డవాడు మన మనిషి."

అతను పెట్టెలోకి వంగాడు. ఖాళీ గుంటను చాలాసేపు చూశాడు.

"రెండోది ఎవరిది?" అన్నాడు.

ఆ గొంతులో ఎగతాళి లేదు. నేనేదో అనేలోగా నిటారుగా లేచి, "నాకు పనుంది," అని దిగి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర మాత్రం జాగ్రత్తగా వంగాడు. గెలిచాననుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

*

ఈ పెళ్లికి అడ్డుపడే పొడుగు మనిషి నాకు తెలిసి ఒక్కడే, హాజీ బూషైబ్. అతని కార్ఖానా గుట్టకు అటువైపు. జిలాలీ మొదటి భార్య లాల్లా కన్జా కొడుకు అతను, మహ్జూబాకు స్వయానా అన్న. తండ్రి కుండలు కాల్చిన ఆవం ఇప్పుడు అతనిది. మఫద్దల్ పని చేస్తున్నది అతని కోసమేనని ఊరంతా అనుకుంటోంది.

నేను వెళ్లేసరికి, అవ్వ ఇంటికి రావాల్సిన అదుల్ సీ త్వామీ ఇక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మహ్జూబా మూలన పళ్లేల మీద నీలం రంగు వేస్తోంది. నలభై దాటిన మనిషి, పెళ్లి జరుగుతుందో లేదో తేలే రోజున కూడా కుంచె వదల్లేదు. నన్ను చూసి కళ్లతోనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను.

"ఏమ్మా, నీ సాక్షి ఒట్టేయలేదుగా?" అన్నాడు హాజీ. ఆరడుగుల మనిషి, ఒంటి మీద వెనక టోపీ కుట్టిన పొడుగాటి అంగీ, ముదురు గోధుమరంగు ఉన్ని జెల్లాబా. "సీ త్వామీ, టీ అయ్యాక మీరు దయచేయొచ్చు."

"ఎవరు వేయనివ్వలేదో కనుక్కోవడానికే వచ్చాను హాజీ. మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఆవం దగ్గర. నిప్పు వేశాను."

"ఎవరు చూశారు?"

"నిప్పు చూసింది. ఇంకేమైనా అడుగుతావా?"

"ఒక్కసారి అటు తిరగండి."

"ఏంటి?"

"మీ వీపు చూడాలి."

"సిగ్గులేదా నీకు? ఇదేనా మీ కాలేజీలో నేర్పింది?"

నేనే చుట్టూ తిరిగి వెళ్లాను. ముందువైపు బట్ట శుభ్రంగా దులిపి ఉంది. వెనక వేలాడే టోపీని మాత్రం ఎవరి కళ్లతో వాళ్లు చూసుకోలేరు. పారిపోయేటప్పుడు తలకు కప్పుకుని ఉంటాడు, దాని కొస మీద బెత్తెడు మేర తెల్లటి సున్నం ఎండి పొలుసులు కట్టింది.

"ఈ సున్నం ఎక్కడిది?"

"ఆవం గోడకు రాసుకుని ఉంటుంది."

మూలనుంచి మహ్జూబా గొంతు వచ్చింది. "మన ఆవానివి మట్టిగోడలు అన్నయ్యా. సున్నం ఎప్పుడు కొట్టించావ్?"

అతను చెల్లెలి వైపు చూడలేదు. నన్నే చూస్తున్నాడు. నేను చెయ్యి చాపాను.

"ముడి ఇవ్వండి."

"మా అమ్మ జోలికి రావద్దు!" అని అరిచాడు. పీట కదిలి సీ త్వామీ టీ ఒలికింది.

"మీ అమ్మ మాట నేనెత్తలేదు హాజీ. ముడి అన్నాను."

హాజీ చెయ్యి జెల్లాబా లోపలికి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు గుప్పిట్లో ఆకుపచ్చ పట్టు మూట ఉంది. పెళ్లినాటి నడికట్టు ముక్క.

"ఆవంలో వేద్దామనుకున్నాను," అన్నాడు. "చెయ్యి రాలేదు. అమ్మ నడికట్టు ఇది." అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. "తోయడానికి వెళ్లలేదు, దేవుడి మీద ఒట్టు. బతిమాలడానికి వెళ్లాను. రఖియా సంగతి ఏమైనా చెప్పుకో, మా అమ్మది మాత్రం చూపించకు అన్నాను. ముసలిది వినలేదు. ఒకదాని మీద ఒట్టేస్తే రెండోదాని మీదా వెయ్యాలి, సగం నిజం చెప్పి చావలేను అంది. పెట్టె లాగాను. ఆవిడా లాగింది. వదిలేసింది..."

"వదిలేసింది కాదు. పడిపోయింది. మీరు ఆవిడని అక్కడే వదిలేసి ఇంటికొచ్చి బట్టలు దులుపుకున్నారు. ఆ నేరానికి అల్లాల్ స్టేషన్లో ఉన్నాడు."

"ఎవరి ముడి అన్నయ్యా అది?" మహ్జూబా లేచి నిలబడింది. చేతిలో కుంచె అలాగే ఉంది.

"నువ్వు లోపలికి పో."

"ఎవరిది?"

"నాకప్పుడు ఎనిమిదేళ్లు," అన్నాడు హాజీ, నేలతో చెబుతున్నట్టు. "నాన్న ఫ్రాన్సు బొగ్గు గనుల్లో ఉన్నాడు. వెళ్లి రెండేళ్లు దాటింది. ఆయన తిరిగొచ్చేసరికి ఉయ్యాల్లో నువ్వున్నావ్. నాన్న ఉయ్యాల ముందు నిలబడి, నేను వెళ్లేటప్పుడు పడుకుంది, ఇప్పుడు లేచింది అన్నాడు. ఆ తర్వాత ఎవడూ నోరెత్తలేదు. ఆ రోజులు తెలిసినవాళ్లంతా పోయారు. తామూ మిగిలింది. నేను మిగిలాను."

మహ్జూబా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పక్కనున్న పళ్లెం తీసి నేలకేసి కొట్టింది.

"ఇరవై ఏళ్లు! తమ్ముణ్ని కోరుకున్నదానివి, నీ మొహం చూస్తే నమాజుకు కడుక్కున్న వజూ చెడిపోతుందని అన్నావు నన్ను! పండగనాడు నీ పిల్లల్ని నా ఒళ్లో కూర్చోనివ్వలేదు! వాడు ఎవడి కొడుకన్నది అలా ఉండనీ. నేను ఎవరి కూతుర్ని కానో నీకు తెలుసు. నోరు విప్పి ఉంటే చాలు!"

"అమ్మ పరువు, మహ్జూబా..."

"అమ్మ పోయి ముప్పై ఏళ్లయింది. నేను పోలేదే! రోజూ నీ కళ్లెదురుగానే ఉన్నానే! పళ్లేలకు రంగులేసుకుంటూ, నీ భార్య పెట్టింది తింటూ! పోయిన మనిషి పరువు కనిపించింది, బతికున్న మనిషి కనిపించలేదా?"

సంచిలో యూనస్ పెట్టిన పొట్లం చేతికి తగిలింది. గట్టిగా పట్టుకున్నాను.

మహ్జూబా అదుల్ వైపు తిరిగింది. "సీ త్వామీ, కలం తీయండి. నేను జిలాలీ కూతుర్ని కాదు. మా అన్నే చెప్పాడు, మీరు విన్నారు. అల్లాల్ తల్లి పేరు బయటపెట్టక్కర్లేదు. అతని తండ్రి పేరు అతనికే ఉండనివ్వండి. నాది కొట్టేయండి."

"కొట్టేస్తే ఎవరి కూతురని రాయను తల్లీ?"

"దేవుడి దాసుడి కూతురని రాయండి. మీరెప్పుడూ రాసేది అదేగా, తండ్రి లేనివాళ్లకి."

సీ త్వామీ ముసలి మనిషి. కలం తీశాడు, మూత విప్పాడు. మళ్లీ పెట్టేశాడు.

"రాయగలను. ఇవాళే రాయగలను. కానీ రేపు దేవుడి ముందు జవాబు చెప్పాల్సింది నేను. అల్లాల్ జిలాలీ కొడుకు కాదని వాడి తల్లే పోతూ చెప్పింది. నువ్వు జిలాలీ కూతురివి కాదని నీ అన్న చెబుతున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరాడవాళ్లు. అటు తండ్రెవరో తెలియదు, ఇటు తండ్రెవరో తెలియదు." మహ్జూబా మొహంలోకి చూడలేక నేల మీది పెంకుల్ని చూశాడు. "ఆ తండ్రులిద్దరూ ఒక్కడే కాదని నాకెవరు ఒట్టేసి చెబుతారమ్మా?"

రెండు ముడులూ దొరికాయని పొంగిపోయానే గాని, ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

"తామూ అవ్వ చెబుతుంది," అంది మహ్జూబా. పెదవులు మాత్రమే కదిలాయి.

కార్ఖానా గదిలో టెలిఫోన్ మోగింది. హాజీ లేవలేదు. నేనే ఎత్తాను. ఆస్పత్రి నుంచి నర్సు. బయలుదేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి మా ఇంటి నంబరిచ్చాను, ఎక్కడికి వెళుతున్నానో యూనస్‌కీ చెప్పాను. ఆ నంబరుకు చేస్తే యూనస్ ఇక్కడికి చేయమన్నాడట.

"మీ ముసలమ్మ కళ్లు తెరిచిందమ్మా! ఎవరో ఇద్దరి పేర్లు చెప్పి పిలవమంటోంది. అల్లాల్, మహ్జూబా. త్వరగా తీసుకురండి."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మఫద్దల్ కమిషనర్ గారున్నారు. సాక్ష్యం తీసుకోవాలి, మీరంతా బయట ఉండండన్నారు."

రిసీవరు చేత్తో మూసి హాజీ మీద అరిచాను. "మీ మనిషిని అక్కడికి ఎందుకు పంపారు?"

"నా మనిషెవడు?"

"మఫద్దల్!"

హాజీ అయోమయంగా తలెత్తాడు. "నేను పెట్టుకున్నానని నువ్వూ అనుకున్నావా? అతన్ని నేను పిలవలేదు. రఖియాను పూడ్చిన మర్నాడు తనంతట తనే వచ్చాడు. పైసా వద్దన్నాడు. మా నాన్న ఫ్రాన్సులో ఉన్నప్పుడు ఈ పేటలో కొత్తగా చేరిన పోలీసు కుర్రాడు కదా, మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు, పాత అభిమానం అనుకున్నాను. ఒక్కటే అడిగాడు. తామూకి పాత సంగతులు ఇంకా గుర్తున్నాయా అని."

మహ్జూబా అప్పటికే గుమ్మం దాటి, రంగు చేతులతోనే గుట్ట దిగి పరిగెడుతోంది.

"అమ్మా, వినండి," అన్నాను ఫోన్లో. "ఇప్పుడే ఆ గదిలోకి వెళ్లండి. ఆయన ఏమన్నా సరే."

అడుగుల చప్పుడు. తలుపు తట్టిన చప్పుడు. మళ్లీ తట్టిన చప్పుడు. నర్సు గొంతు తిరిగి వచ్చింది.

"లోపల గడియ పెట్టుకున్నారమ్మా. ఇందాకటి దాకా అవ్వ మాటలు వినిపించాయి." ఒక్క క్షణం ఆగింది. "ఇప్పుడు వినిపించట్లేదు."